పార్కింగ్ కూడా భూమి పంపకమే

సాయంత్రం ఆరు దాటాక బాదేపల్లి బజారులో నడవడం ఒక విద్య. ఒక చేతిలో సంచి, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లు, కళ్లు ముందున్న గుంట మీద, చెవులు వెనక నుంచి వచ్చే హారన్ మీద. ఈ విద్యను నాకెవరూ నేర్పలేదు. జడ్చర్లలో ఉద్యోగం చేసుకుంటూ, కూరగాయలు కొనుక్కుంటూ, పిల్లల్ని బడి నుంచి తెచ్చుకుంటూ తిరిగే ఆడవాళ్లందరికీ అది దానంతటదే వచ్చేస్తుంది. నడవడానికి ఇంత విద్య ఎందుకు కావాలి అన్న ప్రశ్న మాత్రం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చిన రోజు బాగా గుర్తుంది.

పుంటికూర, చుక్కకూర కట్టలు అమ్మే ఒక అవ్వ దగ్గర నిలబడి ఉన్నాను. గోనెసంచి పరుచుకుని, దాని మీద కట్టలు పేర్చుకుని ఆమె రోడ్డు అంచున కూర్చుంది. ఒక కారు వచ్చి ఆమె ముందు ఆగింది. పక్క దుకాణానికి వచ్చిన మనిషి కావచ్చు, అద్దం దించి "లే అవ్వా, బండి పెట్టాలె" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. పిల్లిని అదిలించినట్టు అన్నాడు, అంతే. అవ్వ ఏమీ అనలేదు. సంచి నాలుగు కొసలు పట్టుకుని కట్టలతో సహా మోరీ వైపు లాక్కుంది. రోజూ చేసే పనిలాగే చేసింది.

నేను ఊరుకోలేకపోయాను. "ఆమె ముందు నుంచి కూర్చుంది కదండీ, మీరు ఇంకెక్కడన్నా పెట్టుకోవచ్చు కదా" అన్నాను.

"రోడ్డు ఆమెదా మేడం?"

"మీది కూడా కాదు కదా."

అతను నవ్వాడు. నా వెనక్కి చూశాడు. "మరి మీ బండి యాడ పెట్టిండ్రు?"

నా స్కూటీ నాలుగడుగుల దూరంలో స్టాండు వేసి ఉంది. మొన్నటిదాకా అక్కడ పచ్చిమిరపకాయలమ్మే ఒకామె కూర్చునేది. ఆమె ఎటు పోయిందో నేను ఎప్పుడూ అడగలేదు. ఖాళీగా కనిపించింది, పెట్టాను. ఆ మనిషికి జవాబు చెప్పలేక రెండు కట్టలు సంచిలో వేసుకుని వచ్చేశాను. అప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. రోడ్డు ఎవరిది? ఎవరు పంచారు? ఎప్పుడు పంచారు?

కొలిచి చూద్దామనిపించింది. అవ్వ పరుచుకునే సంచి మహా అయితే నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. అంటే 12 చదరపుటడుగులు. ఇంజనీర్లు ఒక కారు నిలపడానికి వేసే లెక్క రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు. అంటే దాదాపు 135 చదరపుటడుగులు. తిప్పుకోవడానికి, తలుపు తీయడానికి కావలసింది దీనికి అదనం. ఒక కారు నిలిచిన చోట పదకొండు మంది అవ్వలు కూర్చుని కూర అమ్ముకోవచ్చు. పదకొండు పొయ్యిలు వెలగవచ్చు. ఆ కారు ఆ చోటుకు చెల్లించేది చాలా వీధుల్లో సున్నా. గంప దించుకున్నందుకు తైబజారు రసీదు కోసే మనిషిని మాత్రం నేను చిన్నప్పుడు సంతలో చూశాను. మా అమ్మమ్మ కొంగు ముడి విప్పి అతనికి చిల్లర ఇచ్చేది. కారు ముందు నిలబడి రసీదు కోసిన మనిషిని ఆ కాలంలో ఎవరైనా చూశారా? అప్పుడు కార్లే లేవు కదా అంటారేమో. ఇప్పుడున్నాయి కదా, ఎంతమందిని చూశారు?

పార్కింగ్ అనేది ట్రాఫిక్ సమస్య అని మనకు చెబుతారు. పోలీసులు చెబుతారు, పత్రికలు రాస్తాయి. నేను ఒప్పుకోను. పార్కింగ్ భూమి సమస్య. ఊరి మధ్యలో, గజం ధర లక్షలకు పోయే చోట, ఉమ్మడి భూమిని ఎవరికి ఉచితంగా ఇవ్వాలన్న సమస్య. ఒక పట్టణం తన భూమిని రోజూ పంచుతూనే ఉంటుంది. పట్టా పుస్తకాలు ఉండవు కాబట్టి అది పంపకంలా కనిపించదు.

భూమి మాట ఎత్తగానే మా మండలంలో ఎవరికైనా గుర్తొచ్చేది పోలేపల్లి. 2000ల తొలి సంవత్సరాల్లో పారిశ్రామిక పార్కు కోసమని దాదాపు వెయ్యి ఎకరాలు తీసుకున్నారు. తర్వాత అది సెజ్ అయింది. పోయిన వాటిలో దళితుల, వెనుకబడిన కులాల చిన్న చిన్న కమతాలు, అసైన్డ్ భూములు ఉన్నాయి. ఆ పోరాటంలో ముందు నిలిచింది ఆడవాళ్లు. 2008లో జడ్చర్ల అసెంబ్లీ ఉప ఎన్నిక వచ్చినప్పుడు భూములు కోల్పోయినవాళ్లే స్వతంత్రులుగా నామినేషన్లు వేసి నిలబడ్డారు. గెలవడం కోసం కాదు, తమ పేర్లను బ్యాలెట్ మీదికి ఎక్కించడం కోసం. మనలో చాలామంది అప్పుడు అక్కడికి వెళ్లాం, రాశాం, సంఘీభావ ప్రకటనల మీద సంతకాలు పెట్టాం. వెయ్యి ఎకరాలు ఒక్కసారిగా పోతే మనకు అన్యాయం కనిపించింది. అదే మండల కేంద్రంలో 12 చదరపుటడుగులు రోజూ సాయంత్రం పోతుంటే కనిపించలేదు. పైగా నాలాంటి వాళ్లం ఆ ఖాళీలో స్కూటీ స్టాండు వేశాం.

ఈ పంపకం చేసే అధికారం ఎవరికి ఉందో చూద్దామని రాజ్యాంగం తిరగేశాను. 1992లో చేసిన 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 అంశాలున్నాయి. అందులో 17వ అంశం మనలాంటి వాళ్ల కోసమే రాశారా అనిపించింది. ప్రజా సౌకర్యాలు అని మొదలుపెట్టి, వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్ స్టాపులు, మరుగుదొడ్లు అని వరసగా నాలుగింటిని చెబుతుంది. ఒకే వరసలో, ఒకే అంశంగా.

ఈ నాలుగింటినీ ఒక ఆడమనిషి రోజులో పెట్టి చూడండి. పొద్దున చీకటి విడవకముందే షిఫ్టుకు పోయే అమ్మాయికి వీధి దీపం కావాలి. ఆ తర్వాత నిలబడటానికి బస్ స్టాపు కావాలి. తొమ్మిది గంటల నుంచి సాయంత్రం దాకా బజారులో కూర్చుని అమ్ముకునే ఆమెకు మరుగుదొడ్డి కావాలి. అది లేదని తెలుసు కాబట్టి నీళ్లు తాగకుండా కూర్చుంటుంది. ఈ మూడింటితో ఆమె రోజు గడుస్తుంది. నాలుగోది, పార్కింగ్ స్థలం, ఆమెకు అక్కర్లేదు. మరి మన పట్టణాల్లో ఊరి పెద్దలు, దుకాణదారులు, అధికారులు కూర్చుని తలలు బద్దలు కొట్టుకునేది దేని గురించి? ఆ నాలుగోదాని గురించే. నలుగురు అక్కచెల్లెళ్లను ఒకే కంచం ముందు కూర్చోబెట్టి ఒక్కదానికే వడ్డించినట్టుంది ఈ వ్యవహారం.

నేను మా మున్సిపాలిటీ ఒక్కదాన్నే తప్పు పట్టడం లేదు. షాద్‌నగర్ వెళ్లండి, వనపర్తి వెళ్లండి, నల్గొండ, మిర్యాలగూడ వెళ్లండి. ఇదే బజారు, ఇదే మోరీ, ఇదే అవ్వ.

మా ఊరికి ఉన్న అదనపు చిక్కు రోడ్లే. ఇది కూడలి ఊరు. హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి, రాయచూరు వైపు నుంచి మహబూబ్‌నగర్ మీదుగా వచ్చి కల్వకుర్తి, దేవరకొండల వైపు పోయే 167వ నంబరు రహదారి ఇక్కడ కలుస్తాయి. లారీలకు, కార్లకు ఇది వరం. కాలినడకన రోడ్డు దాటేవాళ్లకు మాత్రం ఇది ప్రాణగండం. ఆ దాటేవాళ్ల గోడు చెప్పుకోవడానికి ఒక్క గడప లేదు. జాతీయ రహదారి కేంద్రానిది. బస్టాండు ఆర్టీసీది. ట్రాఫిక్ పోలీసులది. లోపలి వీధి మున్సిపాలిటీది. ఆఖరికి బస్సు దిగి, రోడ్డు దాటి, సందులోంచి ఇంటికి నడిచే ఆమె ఎవరిది? ఎవరిదీ కాదు. ఆమె దారి నాలుగు ఆఫీసుల మధ్య తెగి, ఏ ఫైలులోనూ పూర్తిగా కనిపించదు. కారుకైతే దారి ఎక్కడా తెగదు.

మగవాళ్లు మాత్రం నడవరా, దీన్ని కూడా ఆడవాళ్ల సమస్య చేస్తారా అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. నడుస్తారు. పేదవాళ్లు నడుస్తారు. కానీ 2011 జనాభా లెక్కలు చూడండి. వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాక ఇతర పనులకు వెళ్లే ఆడవాళ్లలో దాదాపు 45 శాతం నడిచే వెళ్తున్నారు. మగవాళ్లలో ఆ లెక్క 27 శాతం. ఇంట్లో ఒక్క బండి ఉంటే అది ఎవరి కింద ఉంటుందో మనకు వేరే చెప్పాలా? పైగా ఈ లెక్క పనికి పోయే దారినే చూస్తుంది. రేషన్ షాపుకు, అంగన్‌వాడీకి, ఆసుపత్రికి, బడికి, పిండిమరకు నడిచిన నడక ఏ లెక్కలోనూ లేదు. ఇంటి చాకిరీకి కూలి లేనట్టే ఆ చాకిరీ కోసం నడిచే నడకకు రోడ్డు లేదు. రెండింటికీ మూలం ఒకటే.

తెలంగాణలో రోడ్డుకు కులం కూడా ఉంది. గడీ ముందు నుంచి పోతూ చెప్పులు విప్పి చేతపట్టుకోవలసిన కాలాన్ని, సైకిల్ దిగి నడిపించుకు పోవలసిన కాలాన్ని చూసిన తరం నిన్నమొన్నటిదాకా మన ఇళ్లలోనే ఉంది. దొరతనం పోయిందని అనుకున్నాం. ఇప్పుడు చెప్పులు విప్పమని ఎవరూ అనరు. హారన్ కొడతారు. మోరీ వైపు జరగమంటారు. జరిగేది ఎవరో చూస్తే కులం, వర్గం, జెండర్ మూడూ ఒకే గోనెసంచి మీద కూర్చుని కనిపిస్తాయి.

ఇక రాయడానికి చెయ్యి ఆడని విషయం ఒకటి రాయాలి. 2019 నవంబర్ 27. మా ఊరి నుంచి హైదరాబాద్ పోయే ఇదే రహదారి. శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేట్ పక్కన ఒక యువ పశువైద్యురాలు తన స్కూటర్ నిలిపి వేరే పని మీద వెళ్లింది. రాత్రి తిరిగి వచ్చేసరికి టైరులో గాలి లేదు. ఆ గాలి తీసింది నేరం తలపెట్టినవాళ్లేనని పోలీసులు చెప్పారు. మర్నాడు పొద్దున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద ఆమె కాలిన శరీరం దొరికింది. డిసెంబర్ 6న నలుగురు నిందితులను పోలీసులు అదే చోట కాల్చి చంపారు. పూలు చల్లినవాళ్లున్నారు, మిఠాయిలు పంచినవాళ్లున్నారు. అది న్యాయం కాదని చెప్పిన స్త్రీవాదులు తిట్లు తిన్నారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చి, పోలీసులు చెప్పిన కథ నమ్మశక్యంగా లేదని తేల్చింది.

ఆ రోజుల్లో ఎన్ని మాటలు విన్నాం! ఆడపిల్లలు రాత్రి ఎక్కడికి వెళ్లాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఎక్కడ నిలబడాలి అని జాగ్రత్తల జాబితాలు వచ్చాయి. అన్నీ ఆడవాళ్లకే. ఒక చిన్న ప్రశ్న మాత్రం చాలా తక్కువగా వినిపించింది. టోల్ వసూలు చేసే రోడ్డు పక్కన, ఒక ఆడమనిషి స్కూటర్ నిలుపుకుని వెళ్లి తిరిగి రావడానికి వెలుతురున్న, మనుషులున్న, కాపలా ఉన్న చోటు ఎందుకు లేదు? అలాంటి చోటు ఉంటే ఆ నేరం జరిగేది కాదని నేను చెప్పలేను. నేరం చేసినవాళ్ల బాధ్యతను దీపస్తంభం మీదికి నెట్టడం లేదు. కానీ ఆమెకు కావలసింది తుపాకీ కాదు. 17వ అంశంలోని నాలుగు మాటల్లో రెండు: దీపం, బండి పెట్టుకునే చోటు. అవి ఇవ్వడం మామూలు పరిపాలన. మామూలు పరిపాలన చేయనివాళ్లే అసాధారణ శిక్షలకు చప్పట్లు కొడతారు.

చూశారా, పార్కింగ్ కావలసిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. నేనూ అందులో ఉన్నాను. నా వాదన బండ్ల మీద కాదు. ఎవరి బండికి, ఎంత చోటు, ఎవరిని లేపి, ఏ ధరకు అన్నదే నా వాదన.

బస్సు సంగతికి వస్తాను. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. మా కాలేజీకి ఊళ్ల నుంచి వచ్చే అమ్మాయిల ముఖాలు ఆ నెలలో చూసినవాళ్లు దాన్ని ఎగతాళి చేయలేరు. పాస్ డబ్బుల కోసం ఇంట్లో తండ్రి ముందు చేయి చాపకుండా ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవడం ఎలాంటి అనుభవమో వాళ్లను అడగండి. "ఊరికే తిరుగుతున్నారు" అని వెక్కిరించిన మాటలు మనం విన్నాం. మగవాడు ఊరికే తిరిగితే షికారు, ఆడది తిరిగితే ప్రభుత్వ సొమ్ముకు నష్టం! నేనైతే ఊరికే తిరగడం కూడా హక్కే అంటాను.

అయితే టికెట్ ఉచితమైనంత మాత్రాన దారి ఉచితం కాలేదు. బస్సు ఎక్కేదాకా, దిగిన తర్వాతా ఉన్న దారి పాతదే. ఎండలో నీడ లేని స్టాపు, ముందు వరసకట్టిన ఆటోలు, కార్లు. బస్సు అంచుకు రాలేక రోడ్డు మధ్యలో ఆగితే, చంటిపిల్లతో, మూటతో, ఆ బండ్ల సందుల్లోంచి పరిగెత్తాలి. మా విద్యార్థిని ఒకతె చెప్పింది: "బస్సులో భయం లేదు మేడం. దిగినంక ఇంటిదాకనే భయం." రాష్ట్ర ప్రభుత్వం బస్సు ఇచ్చింది. ఆ చివరి అర కిలోమీటరు ఇవ్వవలసింది మున్సిపాలిటీ. ఆ అర కిలోమీటరు దగ్గరే చదువులు ఆగిపోతున్నాయి.

ఆ అర కిలోమీటరుకు, ఆ అయిదు కిలోమీటర్లకు ఒకప్పుడు సైకిల్ ఉండేది. నేను తొమ్మిదో తరగతిలో మా నాన్న సైకిల్ మీద, కడ్డీ కింది నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నాను. మోకాళ్ల మీద మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. మా ఊరి నుంచి హైస్కూలుకు ఆరు కిలోమీటర్లు. సైకిల్ లేకపోతే ఈ వ్యాసం రాసే మనిషి లేదు. ఇప్పుడు నా క్లాసులో చేతులెత్తమంటే సైకిల్ మీద వచ్చే అమ్మాయి ఒక్కతీ లేదు. ఎందుకు అంటే "మస్తు బండ్లు వస్తయి మేడం, ఇంట్లో పంపరు." తొక్కడం రాక కాదు, తొక్కే చోటు లేక.

సైకిల్ ఏం చేయగలదో మనకు తెలియనిది కాదు. తమిళనాడులోని పుదుక్కోటలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం, అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ చొరవతో, ఆడవాళ్లకు అక్షరాలతో పాటు సైకిల్ కూడా నేర్పింది. క్వారీ కూలీలు, వ్యవసాయ కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు లక్ష మందికి పైగా నేర్చుకున్నారు. సాయినాథ్ రాసిన కథనం మనలో చాలామంది చదివే ఉంటారు. నీళ్లకు, పనికి, పిల్లల్ని దించడానికి బస్సు కోసం, మగవాడి కోసం ఎదురుచూడక్కర్లేకపోవడమే వాళ్లు సైకిల్‌లో చూసిన విముక్తి. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కోసం డబ్బు ఇచ్చారు. ఆ పథకాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్, హైస్కూల్లో ఆడపిల్లల చేరిక దాదాపు 32 శాతం పెరిగిందని, ఆడ మగ తేడా 40 శాతం తగ్గిందని లెక్క తేల్చారు.

మన దగ్గర సైకిల్ ఎటు పోయింది? హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కకు పోయింది. 2023 అక్టోబర్ 1న అక్కడ 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. పైన సోలార్ పలకల కప్పు, కింద నాలుగున్నర మీటర్ల వెడల్పు దారి. ఆ ఫొటోలు చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను అసూయపడుతున్నానని అనుకోండి, పరవాలేదు. వ్యాయామం కోసం తొక్కేవాళ్లకు ఎండ తగలకుండా కప్పు వేయగలిగిన ప్రభుత్వాలు, చదువు కోసం తొక్కవలసిన పిల్లకు బడి దాకా తెల్ల గీత ఒకటి గీయలేవా? గచ్చిబౌలిలో సైకిల్ ఆరోగ్యం, పర్యావరణం, ప్రపంచ స్థాయి నగరం. మా పాలమూరులో సైకిల్ వెనకబాటుతనం. ఒకే వస్తువు, తొక్కే మనిషిని బట్టి రెండు అర్థాలు.

ఇప్పుడు మన వాళ్ల దగ్గరికే వస్తాను. 2021 ఏప్రిల్ 30న జడ్చర్ల మున్సిపాలిటీకి, 27 వార్డులకు ఎన్నికలు జరిగాయి. 74వ సవరణ ఆడవాళ్లకు మూడో వంతు ఇస్తే, తెలంగాణ చట్టం సగం సీట్లు ఇచ్చింది. సగం! ఆ సగం కోసం మన ముందుతరం ఎన్ని సభలు పెట్టింది, ఎన్ని వినతిపత్రాలు ఇచ్చింది! ఆ సగం వచ్చాక రోడ్డు ఎందుకు మారలేదు?

ఒక మున్సిపాలిటీలో, ఊరి పేరు చెప్పను, మహిళా దినోత్సవానికి నన్ను పిలిచారు. వేదిక మీద కౌన్సిలర్లైన ఆడవాళ్లు పట్టుచీరల్లో కూర్చున్నారు. కింద మొదటి వరసలో వాళ్ల భర్తలు కూర్చున్నారు. సభ అయ్యాక ఒకామెను అడిగాను, "మీ వార్డులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి విషయం కౌన్సిల్‌లో ఎప్పుడైనా మాట్లాడారా?" ఆమె కింది వరసలోకి చూసి, "సార్‌ను అడగండి మేడం" అంది. ఆమెను తప్పు పట్టను. అయిదు నిమిషాల తర్వాత, సార్ ఫోన్ మాట్లాడటానికి బయటికి పోయినప్పుడు, ఆమే నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది. "నాకు తెల్వదనుకున్నరా మేడం? నేను కూడ మీటింగుకు వచ్చిన రోజు పొద్దటి నుంచి నీళ్లు తాగను. ఎజెండాల ఏం పెట్టాల్నో మమ్మల్ని ఎవ్వరడుగుతరు?"

ఆ మాట విన్నప్పుడు నాకు అవ్వ గోనెసంచి గుర్తొచ్చింది. కౌన్సిల్ హాల్లోనూ అదే పార్కింగ్. కుర్చీ ఆమె పేరు మీద ఉంది, దాని మీద బండి ఇంకొకరిది నిలబడి ఉంది.

చట్టాలు లేక కాదు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి గుర్తింపు పత్రాలు ఇవ్వనిదే ఎవరినీ లేపకూడదు. ప్రతి పట్టణంలో ఒక కమిటీ ఉండాలి. అందులో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులు, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. అంటే కూర అమ్ముకునే ఆమె కమిటీ కుర్చీలో కూర్చుని, ఏ వీధి అమ్మకానికి, ఏ వీధి బండ్లకు అని చెప్పే హక్కు చట్టం ఇచ్చింది. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం బండ్లను కాదు, మనుషులను కదిలించడమే లక్ష్యమని చెప్పింది. రాజ్యాంగంలో ఉంది, చట్టంలో ఉంది, విధానంలో ఉంది. బజారులో లేదు.

దూరపు ఉదాహరణ ఒకటి చెబుతాను. స్వీడన్‌లో కార్ల్‌స్కూగా అనే చిన్న పట్టణం ఉంది. చలికాలంలో మంచు తొలగించేటప్పుడు ముందు పెద్ద రోడ్లు, తర్వాత కాలిబాటలు శుభ్రం చేసేవారు. మంచు తీయడంలో ఆడ మగ ఏముంటుంది అనుకునేవారు. తీరా చూస్తే పెద్ద రోడ్ల మీద కార్లలో పోయేది ఎక్కువగా మగవాళ్లు, కాలిబాటల మీద పిల్లల బళ్లు తోసుకుంటూ నడిచేది ఎక్కువగా ఆడవాళ్లు. వరస మార్చి, ముందు కాలిబాటలు తీయడం మొదలుపెట్టారు. అదనంగా ఖర్చేమీ లేదు, వరస మారింది అంతే. మనకు మంచు లేదు. వరస ఉంది. ఆ వరసలో మనం చివరన ఉన్నాం.

"ఇది స్త్రీవాద పత్రికలో రాయాల్సిన విషయమా?" అని ఈ వ్యాసం సంగతి చెప్పినప్పుడు ఒక రచయిత్రి మిత్రురాలు అడిగింది. నేను ఆమె మీద కోపం తెచ్చుకోలేదు, ఎందుకంటే నిన్నటిదాకా నాదీ అదే అభిప్రాయం. విమల 'వంటిల్లు' చదివాక వంటింటిని మనం పాత కళ్లతో చూడలేకపోయాం. దేహం గురించి రాశాం, ప్రసవం గురించి రాశాం, పెళ్లి గురించి, ఆస్తి గురించి రాశాం. గడప దాటడం గురించి ఎన్నో కథలు రాశాం. గడప దాటిన ఆమె అడుగు ఎక్కడ పడుతుందో మాత్రం రాయలేదు. ఆ అడుగు మోరీ అంచు మీద పడుతోంది. గడప దాటడం విముక్తి అయితే, గడప అవతల ఆమెకు చోటు ఉండాలి కదా!

అందుకే అడుగుతున్నాను. ఏ మున్సిపాలిటీ అయినా పార్కింగ్ గురించి ఒక్క తీర్మానం చేసే ముందు 17వ అంశంలోని మిగతా మూడింటి లెక్క అదే కాగితం మీద పెట్టాలి: ఎన్ని దీపాలు వెలుగుతున్నాయి, ఎన్ని స్టాపులకు నీడ ఉంది, ఆడవాళ్లకు ఎన్ని మరుగుదొడ్లు తెరిచి ఉన్నాయి. ఉమ్మడి భూమి మీద నిలిచే కారు అద్దె చెల్లించాలి, ఆ డబ్బు ఆ మూడింటికే ఖర్చు కావాలి. చట్టం చెప్పిన కమిటీలో అవ్వలు కూర్చోకుండా ఒక్క గంప కూడా కదలకూడదు. బస్ స్టాపు నుంచి కాలేజీ దాకా, హైస్కూలు దాకా ఉన్న దారిలో నడకకు, సైకిల్‌కు ముందు చోటు తీసి, మిగిలింది బండ్లకు ఇవ్వాలి. రాత్రి దాకా పని చేసే ఆడవాళ్లు బండి పెట్టుకునే చోట దీపం, మనిషి ఉండాలి. ఎజెండా రాసేటప్పుడు కౌన్సిలర్‌ను అడగాలి, ఆమె భర్తను కాదు.

మనం చేయవలసిందీ ఉంది. యూనివర్సిటీల్లో జెండర్ మీద ఎన్ని పరిశోధనలు చేయించాం! ఒక్క చిన్న పట్టణపు బజారును టేపుతో కొలిపించామా? మన కౌన్సిలర్లకు శిక్షణ అంటే సభలో ఎలా కూర్చోవాలో చెప్పడమేనా, బడ్జెట్ ఎలా చదవాలో చెప్పడమా? మీ ఊరి బజారుకు వెళ్లండి. బండి మీద కాదు, నడిచి. చంటిపిల్లనెత్తుకున్నట్టు, చేతిలో పది కిలోల సంచి ఉన్నట్టు నడవండి. అడ్డమొచ్చిన ప్రతిదాన్నీ రాసుకోండి. ఆ కాగితం తీసుకెళ్లి మీ వార్డు కౌన్సిలర్ చేతికివ్వండి.

నేను నా స్కూటీని ఇప్పుడు బజారుకు తీసుకుపోవడం లేదు. పోస్టాఫీసు దగ్గర పెట్టి నడుస్తున్నాను. దీంతో లోకం మారుతుందన్న భ్రమ లేదు, నా మోకాళ్లు కూడా ఒప్పుకోవడం లేదు. మొదటి వారం ఆ నాలుగడుగుల చోటులో ఇంకెవరిదో మోటార్ సైకిల్ ఉంది. ఒక మనిషి మంచితనంతో పంపకం మారదు. పంపకాన్ని మార్చేది తీర్మానమే.

మొన్న అవ్వను అడిగాను, పచ్చిమిరపకాయలమ్మే ఆమె ఎటు పోయిందని. అవ్వ కట్టలు సర్దుతూ అంది: "యాడికి పోతది బిడ్డా, జాగ లేకపాయె. ఇంట్ల కూసుంది."

ఇంట్లో కూర్చుంది. మనం నలభై ఏళ్లుగా ఏ మాటకు వ్యతిరేకంగా రాస్తున్నామో, సరిగ్గా ఆ మాటే. ఆమెను ఈసారి ఇంట్లో కూర్చోబెట్టింది మొగుడు కాదు, అత్త కాదు. ఒక బండి స్టాండు. ఆ బండి నాది.